చెవిగదిలో గంజి కుండ

నీటిపేట కట్టిన అరవై మూడో ఏడు
జ్యేష్ఠ శుద్ధ పంచమి

ఇవాళ కాలేయ పరీక్షలో నా మనవరాలు తరళకి మూడో తరగతి వేశారు. అందుకే ఇవాళ రాయడం మొదలుపెట్టాను. ఆ పరీక్ష చేసే చెవిగదిలోని యంత్రం తీర్పుని దాచుకుంటుంది, అంకెని మాత్రం సాయంత్రానికి చెరిపేస్తుంది. చోటు చాలదట. నా దగ్గర చోటుంది. చూసింది చూసినట్టు రాయగల ఓపికా ఉంది.

పున్నమినాడు దింపుడు పడవ వస్తుంది. మూడో తరగతి పడ్డవాళ్ళని ఎక్కించుకుని ఒడ్డుకి తీసుకుపోతుంది. ఒడ్డు మీద ఆశ్రమం ఉందనీ, తిండికి లోటు లేదనీ అంటారు. ఉండొచ్చు. తిరిగి వచ్చి చెప్పినవాళ్ళు లేరు, ఎందుకంటే తిరుగు పడవ లేదు. మందుల్లేని ఊరు జబ్బు మనిషిని మోయలేదని కరువేడు చేసిన నిబంధన ఇది. కరువు పోయి ఇరవై ఏళ్ళయింది. నిబంధన మాత్రం మాతోనే ఉండిపోయింది.

తరళ పీపాలు గీకుతుంది. మా ఊరంతా తేలే పీపాల మీదే ఉంది కాబట్టి, వాటి అడుగున పట్టిన గుల్లలు ఎవరో ఒకరు గీకకపోతే వీధులు బరువెక్కి ఒరుగుతాయి. ఊపిరి బిగబట్టి దిగే పని. మధ్యాహ్నం తడి జుట్టుతోనే వచ్చి గుమ్మంలో కూలబడింది.

"మామ్మా, నిన్న ఎనిమిది బారల లోతుకి దిగొచ్చాను. కాలేయం పాడైనదాన్ని దిగగలనా?"

"దిగినంత మాత్రాన రుజువు కాదు. ముందు ఆ జుట్టు తుడుచుకో. అంకె ఎంత?"

"0.49."

"వరసలో ఎక్కడున్నావు?"

"వంటశాల వంతు ముగించుకుని వెళ్ళాను. చివర్నించి మూడోదాన్ని. ఎందుకు?"

ఎందుకో నాకూ తెలియదు. ముప్ఫై ఏళ్ళు గణాంకశాస్త్రం చెప్పినదాన్ని, అంకె వినగానే అది ఎలా పుట్టిందో అడగడం అలవాటు. తరళ ఏడవబోయింది. జుట్టు ఆరాక ఏడవమన్నాను. ఆరేసరికి నిద్రపోయింది.

షష్ఠి

వంటశాల పెద్ద నూకాలు పొద్దున్నే వచ్చింది. చెవిగదికి గంజి పంపేదీ ఆమే. తరళ సంగతి విని, బియ్యం చెరుగుతూనే అడిగింది.

"మామ్మగోరూ, ఆ యంత్రం గవ్వ పొట్టమీద ఆనిస్తే లోపలేటుందో దానికెలా తెలుస్తాదండీ?"

"చేటలో మంచి బియ్యం చెరిగితే ఒక చప్పుడు, మట్టిబెడ్డలు కలిస్తే ఇంకో చప్పుడు. చూడకుండా చెప్పగలవా?"

"కళ్ళు మూసుకుని సెప్పేస్తానండి."

"ఆ యంత్రం చెవి చేసేదీ అదే."

ఇంతకంటే కొంచెం వివరంగా ఇక్కడ రాసి ఉంచుతాను. గవ్వ మనకి వినపడనంత సన్నటి ధ్వనిని లోపలికి పంపుతుంది. కాలేయంలో ఉన్న లెక్కలేనన్ని సూక్ష్మమైన రేణువుల నుంచి అది ప్రతిధ్వనిగా తిరిగొస్తుంది. అవన్నీ ఒకదాంతో ఒకటి కలిసి, కొన్ని గట్టిగా, కొన్ని నీరసంగా వినిపిస్తాయి. యంత్రం ఏ ఒక్క ప్రతిధ్వనినీ పట్టించుకోదు. గట్టివి ఎన్ని, నీరసమైనవి ఎన్ని, నడిమివి ఎన్ని అని రాశి పోసి, ఆ రాశి ఆకారం చూస్తుంది. ఆరోగ్యమైన కాలేయం పోసే రాశి ఎలా ఉంటుందో తెలుసు, దాని అంకె ఒకటికి దగ్గరగా ఉంటుంది. కొవ్వు చేరినా, మచ్చలు కట్టినా రాశి ఒక పక్కకి ఒరుగుతుంది, అంకె పడిపోతుంది. 0.60 కంటే తగ్గితే మూడో తరగతి.

ఈ శాస్త్రంతో నాకు తగువు లేదు. మనిషిని కొయ్యకుండా లోపలి సంగతి చెప్పే శాస్త్రం అది. కానీ ఒక్కసారి విని, ఒక్క అంకె వేసి, ఆ అంకెని చెరిపేసి, మనిషిని పడవ ఎక్కించే పద్ధతితో ఉంది తగువు.

సప్తమి

మూడో తరగతి పడ్డ ఇరవై ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళాను. కాలేయం గురించి అడగలేదు. వరసలో మీకు ముందు ఎవరు, వెనక ఎవరు అని అడిగాను. ఏ వేళకి వెళ్ళారో ఎవరికీ గుర్తులేదు. కానీ ముందు నిలబడి కదలనిదెవరో, వెనకనుంచి తోసిందెవరో అందరికీ కంఠతా వచ్చు. నీటిపేటలో వరస సంగతి ఎవరూ మరిచిపోరు.

ఇరవై ఒక్కరు వరసలో రెండో సగంలో ఉన్నవాళ్ళే. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, ఎందుకంటే వంట అయ్యాక గాని వాళ్ళకి తీరదు. మొదటి సగంలో నిలబడి మూడో తరగతి పడింది ఒక్క సింహాద్రికే. పీపాల్ని కలిపి ఉంచే వలలు అల్లుతాడు. మోకాళ్ళ నొప్పులని అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంటాడు.

సింహాద్రి నా వాదానికి అడ్డు. ఇలాంటివాణ్ణి లెక్కలోంచి తీసేసి చేతులు దులుపుకునేవాళ్ళు ఉంటారు. నా పిల్లలకి నేను అలా నేర్పలేదు. అతని పేరు కింద గీత గీసి ఉంచాను.

తర్వాత ఆరోగ్య పరిశీలకుడు ప్రభుదాసు దగ్గరికి వెళ్ళాను. నా దగ్గరే చదువుకున్నాడు. సగటు అడిగితే చేతులెత్తేవాడు, విచలనం అడిగితే కిటికీలోంచి సముద్రం చూసేవాడు.

"ఆడవాళ్ళు ఆలస్యంగా తింటారు టీచరుగారూ, నీళ్ళు తక్కువ తాగుతారు. అందుకని వాళ్ళకి ఎక్కువ."

"వరసలో ముందు నిలబడ్డ ఆడవాళ్ళకి ఎందుకు రాలేదు?"

"వాళ్ళు పెందలాడే తింటారేమో."

"ఏమో అనేది జవాబు కాదని నీకు ఎనిమిదో తరగతిలో చెప్పాను."

"చెప్పారండి," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఒకసారి చూసిన అంకె ఆఖరు. యంత్రం చెడితేనే రెండోసారి చూడాలి. యంత్రం చెడలేదు. మీ మనవరాలు కాకపోతే మీరు ఇంత దూరం వచ్చేవారా?"

"రాకపోదును," అన్నాను. "అంత మాత్రాన నేను అడిగింది తప్పయిపోదు."

అష్టమి

పొద్దుటినుంచీ చెవిగదిలో కూర్చున్నాను. డెబ్బై దాటినవాళ్ళకి చెవి పరీక్ష లేదు. గౌరవమట. అందుకే నేను ఇప్పటిదాకా లోపలికి రాలేదు.

గవ్వకీ చర్మానికీ మధ్య గాలి ఉంటే ధ్వని లోపలికి పోదు, కాబట్టి ఏదో ఒకటి పూయాలి. ఒడ్డు నుంచి వచ్చే జిగురు చైత్రంలో ఆగిపోయింది. అప్పటినుంచి గంజి పూస్తున్నారు. ఆ ఆలోచన నూకాలుది. మంచి ఆలోచనే. గుమ్మం పక్కన మట్టికుండ, అందులో గంజి, గంజిలో కొబ్బరిచిప్ప గరిటె.

ఎండ గుమ్మం దాటి కుండ మీద పడింది. కాసేపటికి కుండ లోపల నురగ లేచింది. ఎవరో గరిటెతో కలిపి, ముంచి, పొట్టమీద పూసుకున్నారు. నేను లేచి కుండకి చెవి ఆనించాను. లోపల చిటచిటమంటోంది.

నూకాలుని పిలిపించాను.

"ఈ కుండ ఎప్పుడు కడిగావు?"

"కడగడమేటండీ!" అంది బెదిరిపోయి. "తరవాణి కుండని ఎవరైనా కడుగుతారేటి? లచ్చిమి ఎల్లిపోద్ది. పైన పోసుకుంటా పోవడమే."

"ఇది తాగే కుండ కాదే."

"గంజి కుండే కదండీ."

అంతే. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ తరవాణి కుండ ఉంది. ఈ రోజు గంజి నిన్నటి పులుపు మీద, నిన్నటిది మొన్నటి పులుపు మీద పోస్తాం. అడుగు ఎన్నడూ ఖాళీ చెయ్యం. మా ఇంటి కుండ మా అత్తగారి నాటిది. చైత్రం నుంచి ఊరంతా ఈ గదిలోకి వచ్చి వెళ్ళింది, పుల్లటి వాసన అందరి ముక్కుకీ తగిలింది. అది మన ఇంటి వాసనే కాబట్టి ఎవరికీ తేడాగా తోచలేదు.

పులిసిన గంజిలో బుడగలు ఉంటాయి. బుడగ అంటే గాలి. ధ్వని కాలేయం దాకా పోకముందే బుడగల్ని గుద్దుకుని చెదిరిపోతోంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు బుడగలు తక్కువ. ఎండ పడ్డాక ఎక్కువ. వంట ముగించుకుని వచ్చినవాళ్ళకి దొరికేది ఆ రెండో గంజి. యంత్రం వాళ్ళ కాలేయం అనుకుని విన్నది మా కుండని.

నూకాలు తల బాదుకుంది. "ఇరవైమందిని నేనే పడవెక్కించేశాను మామ్మగోరూ!"

"పడవ ఇంకా రాలేదు. ఏడుపు ఆపి నాకు రెండు గుప్పెళ్ళ నాచు, ఒక సోలెడు మెత్తటి బియ్యప్పిండి తెచ్చిపెట్టు."

దశమి

నాచు ఉడికించి, వడగట్టి, బియ్యప్పిండి కలిపి ఇత్తడిగిన్నెలో పోశాను. తెల్లారేసరికి జున్నులా గట్టిపడింది. పిండి రేణువులు కాలేయంలోని రేణువుల పని చేస్తాయి. జున్నుకి కొవ్వు పట్టదు, జున్ను ఆలస్యంగా తినదు.

గిన్నె పట్టుకుని చెవిగదికి వెళ్ళేసరికి వీధి సగం అక్కడుంది. తరళే పిలుచుకొచ్చింది. ప్రభుదాసు రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"యంత్రం మనిషి పేరు కొట్టకపోతే వినదు టీచరుగారూ. జున్నుకి పేరేం పెడతారు?"

"నువ్వే చెప్పు. అబద్ధపు పేరు నేను కొట్టను."

"యంత్రం జున్నుని మనిషి అనుకోదు, తోసేస్తుంది. కావాలంటే నా పేరే కొడతాను, చూడండి," అని స్వయంగా కొట్టాడు.

ఎండ పడ్డ కుండలోంచి గంజి తీసి జున్ను మీద పూశాను. గవ్వ ఆనించాడు. యంత్రం తోసెయ్యలేదు. శ్రద్ధగా విని 0.47 అంది. మూడో తరగతి. ఆ వెంటనే గోడమీది పలకలో, పడవ ఎక్కవలసినవాళ్ళ పేర్ల చివర, ప్రభుదాసు పేరు వెలిగింది.

తరళ ఊరుకునే పిల్ల కాదు. "అన్నా, పడవలో ముందు కూర్చుంటావా, వెనకా? వరస మాత్రం తప్పకూడదు," అంది. గదంతా నవ్వింది.

జున్ను కడిగి, అప్పుడే వార్చి చల్లార్చిన గంజి పూశాను. ఈసారి నూకాలు తన పేరు కొట్టమంది. 0.92. ఒకటో తరగతి.

"అదే జున్ను," అన్నాను. "నూకాలు అయితే ఆరోగ్యం, ప్రభుదాసు అయితే జబ్బు."

"అది నా కాలేయం కాదు కదండీ!" అన్నాడు ప్రభుదాసు.

"తరళకి వేసిన అంకె కూడా తరళ కాలేయానిది కాదు. కానీ ఒకసారి చూసిన అంకె ఆఖరు కదూ? యంత్రం చెడలేదు కదూ?"

అతను పలక వంక, గుమ్మం వంక చూశాడు. గుమ్మంలో నేను కూర్చున్నాను. నన్ను దాటి పోవాలంటే ఎత్తి పక్కన పెట్టాలి. చివరికి కాగితం తీసి, పున్నమిలోపు మళ్ళీ పరీక్ష అని ఆజ్ఞ రాశాడు. ముందు తన పేరు ఒక్కటే రాశాడు. మిగిలిన ఇరవై రెండూ రాసేదాకా లేవనన్నాను. రాశాడు. అక్షరాలు ఇప్పటికీ కోడిగీతలే.

ద్వాదశి

మళ్ళీ పరీక్ష. కుండ కొత్తది. పదిమందికొకసారి కడగాలని నూకాలుకి చెప్పాను, కడిగినప్పుడల్లా గొణిగింది కాని కడిగింది. వరస ఉండకూడదని చీట్లు వేశాం.

చీట్లు తీసే వేళకి అందరూ వెనక్కి తగ్గారు. రెండోసారి ఇంకా కింద పడితే ఏమవుతుందని భయం. అందుకని చీటీ లేకుండానే నేను వెళ్ళి బల్లమీద పడుకున్నాను.

"మీకు అక్కర్లేదండీ," అన్నాడు ప్రభుదాసు.

"నన్ను చూసి వాళ్ళు వస్తారు. కానివ్వు."

0.54.

అతను గవ్వ తుడిచి మళ్ళీ ఆనించాడు. 0.56. మళ్ళీ. 0.53. గంజి తాజాది, నేనే వార్చాను. బుడగ లేదు, నేనే చూశాను. మూడు అంకెలూ ఒకదాన్నొకటి ఒప్పుకుంటున్నాయి. లేచి చీర సర్దుకుని, తర్వాతి చీటీ పిలవమన్నాను.

తరళకి 0.88. ప్రభుదాసుకి 0.81. ఇరవై ఇద్దరిలో ఇరవై ఒక్కరు పలకమీంచి దిగిపోయారు. సింహాద్రికి 0.51. అతని పేరు కింద నేను గీసిన గీత వృథా కాలేదు. అలా అయినందుకు సంతోషం లేదు.

సాయంత్రం తరళ నా మంచం పట్టె మీద కూర్చుంది. పొద్దున్న పలకమీంచి దిగిన ఆనందం ముఖంలో లేదు.

"మామ్మా, గంజి పులిసిందని చెబుదాం."

"పులవలేదు."

"ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. నీకు తెలుసు. ఇంక ఎంతమందికి తెలియాలి?"

"నా కోసం ఊరంతా తిరిగావు. నీ కోసం ఒక్క అబద్ధం ఆడలేవా?"

"నీ కోసం తిరిగినప్పుడు నేనేమైనా అబద్ధం ఆడానా?"

ఆడలేదు. తలొంచుకుంది. తర్వాత ప్రభుదాసు వచ్చాడు, చెప్పులు బయటే విడిచి, పిల్లవాడిలా.

"టీచరుగారూ, డెబ్బై దాటినవాళ్ళకి నిబంధన వర్తించదు. మీ తీర్పు చెరిపేస్తాను. పలకమీద కూడా ఉండదు."

"సింహాద్రిది చెరుపుతావా?"

"అతనికి నలభై నాలుగండీ."

"అయితే నాది ఉంచు."

"మిమ్మల్ని కాపాడదామని..."

"నువ్వు నన్నొక్కదాన్నీ తీసేస్తే పడవలో అతనొక్కడూ ఉంటాడు. ఇద్దరం పలకమీద ఉంటే ఊరు మా ఇద్దరి పేర్లూ చదవాలి. ఉంచు."

త్రయోదశి

సింహాద్రి ఇంటికి వెళ్ళాను. అప్పటికే మూట కట్టేశాడు. మూటపైన వల అల్లే కదురు పెట్టుకున్నాడు.

"నాకు తెలుసండి," అన్నాడు. "కుడిపక్క ఎప్పుడూ బరువుగానే ఉంటాది. గంజి బాగుందండి, నేనే బాగోలేదు."

"బాగోకపోవడం నేరం కాదు."

"ఊరు మొయ్యలేదు కదండీ."

"పీపాలు విడిపోకుండా పట్టి ఉంచేది ఎవరి వల? ఊరు నిన్ను మోస్తోందా, నువ్వు ఊరిని మోస్తున్నావా?"

"ఆ మాట మా ఆవిడకి సెప్పండి మామ్మగోరూ. ఇరవై ఏళ్ళుగా ఆవిడే నన్ను మోస్తున్నానంటాది," అన్నాడు. మూట మాత్రం విప్పలేదు. నేనే విప్పాను.

మధ్యాహ్నం పెద్దల సభకి వెళ్ళాం. అధ్యక్షుడు మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, తప్పు అంకెలు మీరు సరిచేయించారు. ఊరు మీకు రుణపడింది. ఇప్పుడు అంకెలు సరైనవి. ఇంక అభ్యంతరం ఏమిటి?"

"అంకెలతో లేదు. నా కాలేయం బాగోలేదు. సింహాద్రిదీ బాగోలేదు. ఆ సంగతి మీ యంత్రం నిజమే చెప్పింది. పడవ ఎక్కించమని యంత్రం చెప్పలేదు. ఆ మాట మీది."

"నిబంధన..."

"0.60 దగ్గర గీత ఎవరు గీశారు? ఎవరి కాలేయాలు విని గీశారు?"

ఎవరికీ తెలియదు. ఒడ్డు నుంచి యంత్రంతో పాటు వచ్చిందట. ఒడ్డువాళ్ళు ఏం తింటారో, ఎంత లోతుకి దిగుతారో మాకెవరికీ తెలియదు. ఆ గీత మీద ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని పంపిస్తున్నాం.

"ఒక అంకె మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది," అన్నాను. "ఎటు పోతున్నాడో తెలియాలంటే రెండో అంకె కావాలి. తిండి మారిస్తే, నడిస్తే కొవ్వు దిగొచ్చు. దిగిందో లేదో ఆశ్వయుజంలో మళ్ళీ విని చెప్పండి. దిగకపోయినా మేం ఇక్కడే ఉంటాం. జబ్బు మనిషిని ఎలా చూసుకోవాలో ఈ ఊరు ఇప్పుడైనా నేర్చుకోవాలి."

అధ్యక్షుడు ఆలోచిస్తామన్నాడు. పడవ రావడానికి ముందు ఆలోచించమన్నాను. వెనక వరసలోంచి ప్రభుదాసు లేచి, గీత ఎక్కణ్ణించి వచ్చిందో తనకూ తెలియదని సభలో పైకి చెప్పాడు. అతను ఏమో అనకుండా తెలియదు అనడం నేను విన్నది ఇదే మొదటిసారి.

చతుర్దశి

రేపు పున్నమి. సభ నుంచి జవాబు రాలేదు. రేవులో దింపుడు పడవకి చోటు ఖాళీ చేస్తున్నారు. పలకమీద రెండు పేర్లున్నాయి. జరగవలసినవి రాస్తున్నాను. తరళ ఒక ప్రతి చెవిగది తలుపుకి అంటిస్తుంది.

1. చెవిగది కుండ రోజూ కడగాలి. ఇళ్ళలో తరవాణి కుండలు ఎవరూ ముట్టుకోకూడదు. నూకాలుకి మాటిచ్చాను.

2. పరీక్షకి వరస వద్దు, చీట్లు వెయ్యాలి. వంట చేసినవాళ్ళు చివర నిలబడే పద్ధతి చెవిగదిలోనే కాదు, ఎక్కడా ఉండకూడదు.

3. ఎవరినైనా మూడుసార్లు వినాలి. మూడు అంకెలూ వాళ్ళ చేతికి ఇవ్వాలి. చెరపకూడదు.

4. ఈ ఊరివాళ్ళ కాలేయాలు విని, ఈ ఊరి గీత ఈ ఊరే గీసుకోవాలి. ఆ లెక్క నేను మొదలుపెడతాను. ప్రభుదాసు గవ్వ పడతాడు. విచలనం కూడా వెయ్యాలి.

5. చైత్రం నుంచి పోయిన రెండు పడవల్లో ఎక్కినవాళ్ళందరినీ పులిసిన గంజితోనే విన్నారు. రేపటి పడవ ఖాళీగా పోయి వాళ్ళని తీసుకురావాలి. పడవకి ఒకవైపే దారి తెలుసంటే నేను ఒప్పుకోను.

6. సింహాద్రి రేపు పొద్దున్న వడ్రంగివీధి కింద తెగిన వల అల్లాలి. మూట మళ్ళీ కట్టకూడదు.

7. నా అంకె 0.54. పలకమీద నా పేరు అలాగే ఉండాలి. నేను పడవ ఎక్కను. ఎత్తి తీసుకుపోవాలంటే నలుగురు కావాలి. ఈ ఊళ్ళో ఆ బలం ఉన్నవాళ్ళంతా నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎత్తేముందు ఒక్కొక్కడూ నా ముందు నిలబడి, 0.60 ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి.

8. చెప్పలేనివాళ్ళు పాడ్యమినాడు పొద్దున్న పలకా బలపం పట్టుకుని మా గుమ్మంలో కూర్చోవాలి. ఆలస్యం ఒప్పుకోను.